పెండింగులో పదకొండు ఉత్తరాలు

నన్ను ఎక్కువమంది "సార్" అని పిలిచిన కాలం ఒకటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో. ఆంధ్ర, తెలంగాణ, రాయలసీమ అన్న తేడా లేకుండా ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు రోజూ "సార్" అని మొదలుపెట్టి ఉత్తరం రాసేవాళ్లు. వాళ్లలో ఒక్కరూ నా మొహం చూడలేదు. చూసి ఉంటే నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, డీటీపీ దుకాణంలో, నేత చీర కట్టుకుని, జారిపోయే కళ్లజోడు తోసుకుంటూ కూర్చున్న నలభయ్యేళ్ల మనిషిని ఇంకేదో పిలిచేవాళ్లు.

మా తాతయ్యవాళ్లు యాభై ఆరులో తెనాలి వైపు నుంచి వచ్చారు. నాన్న లక్డీకాపూల్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నేను తొంభైల్లో ఆబిడ్స్‌లో టైపు నేర్చుకున్నాను. టైపు మిషన్లు మూలపడే రోజులు వస్తున్నాయని పసిగట్టి కంప్యూటర్ మీదికి మారి, నాంపల్లిలో దుకాణం తెరిచాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కోర్టు కాగితాలు. అన్నీ ఒకే తెలుగు సాఫ్ట్‌వేర్‌తో చేసేదాన్ని. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు అమ్మేటప్పుడు ఎంత హుషారుగా ఉన్నారో, తర్వాత ఫోను ఎత్తడానికి అంత బద్ధకించేవాళ్లు. దాంతో కుస్తీ పట్టేవాళ్లం ఐదుగురం కలిసి ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పెట్టుకున్నాం అనడం మర్యాదకి. పెట్టింది నేనే.

మెయిల్ అడ్రసు దుకాణం పేరు మీద ఉండేది. అందుకని కొత్తగా చేరినవాళ్లు నన్ను మగవాడనుకుని సార్ అన్నారు. మొదట బద్ధకంతో దిద్దలేదు. తర్వాత తర్వాత అది నాకు నచ్చింది. దుకాణంలో పెళ్లి కార్డు కోసం వచ్చిన ప్రతివాడూ "మీ సార్ లేరా మేడమ్?" అని నా భుజం మీదుగా లోపలికి చూసేవాడు. గ్రూపులో మాత్రం ఆ సార్‌ని నేనే. కడుపు నిండినట్టుండేది.

దుకాణంలో ఇంటర్నెట్ లేదు. ఉదయం పదింటికి ఆబిడ్స్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లేదాన్ని. వచ్చిన ఉత్తరాలన్నీ ఫ్లాపీలోకి ఎక్కించుకుని, నడుచుకుంటూ నాంపల్లి వచ్చి, పనుల మధ్య తీరిగ్గా చదివి జవాబులు టైపు చేసేదాన్ని. సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఫ్లాపీ పట్టుకుని ఆబిడ్స్‌కి. అప్పట్లో మెయిల్‌లో తెలుగు లిపి పడేది కాదు. తెలుగు సాఫ్ట్‌వేర్ గురించి తెలుగువాళ్లం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పుడు అందులో వింతేమీ కనపడలేదు.

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చాక మా కొంప మునిగింది. రోజుకి పది వచ్చే ఉత్తరాలు వందన్నర అయ్యాయి. అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం. ఒకరు జవాబిస్తే ఇరవైమంది "థాంక్యూ". అందరి మెయిల్ పెట్టెలూ చిన్నవే, రెండ్రోజులు తెరవకపోతే నిండిపోయి, అసలు రావాల్సిన ఉత్తరాలు వెనక్కి పోయేవి. జనం విసుక్కుని గ్రూపు వదిలేసి పోతున్నారు. నేను పెట్టిన గ్రూపు నా కళ్ల ముందే కుప్పకూలుతోంది.

అప్పుడు నేను నిబంధనలు రాశాను. ఒక్క ముక్క థాంక్యూలు వద్దు. విషయం ఏమిటో పైన రాయాలి. మొత్తం పెద్ద అక్షరాల్లో రాయొద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రోజు వచ్చిన వందన్నర ఉత్తరాలూ నేను చదివి, పనికొచ్చే ప్రశ్నా సరైన జవాబూ ఏరి, ఒకే ఉత్తరంగా కట్టి సాయంత్రం పంపుతాను. తక్కినవి చదివే ఓపిక లేనివాళ్లు అదొక్కటి చదువుకుంటే చాలు. దానికి "నాటి మూట" అని పేరు పెట్టాను. అది కుదిరింది. వెళ్లిపోయినవాళ్లు తిరిగొచ్చారు. "సార్ మూట వచ్చిందా?" అని ప్రెస్సుల్లో అడుగుతారట, ఒకాయన రాశాడు. ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసి సొరుగులో దాచుకున్నాను. ఎవరికీ చూపించలేదు, కానీ దాచుకున్నాను.

సరిగ్గా అప్పుడు, ఏప్రిల్‌లో, ఆమె చేరింది.

మొదటి ఉత్తరమే "అందరికీ వందనాలు" అని మొదలైంది. మెదక్ తన సొంతూరనీ, సికింద్రాబాద్‌లో ఒక చర్చి ప్రెస్సులో కీర్తనల పుస్తకాలు కంపోజ్ చేస్తాననీ, మనందరి దగ్గరా నేర్చుకోవాలని వచ్చాననీ రాసింది. సరేలే, ఇంకో అడిగే మనిషి, అనుకున్నాను. అడగలేదు. చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె ఆఫీసులో ఇంటర్నెట్ ఉంది. పదింటికి ఎవరో ప్రశ్న వేస్తే పదింపావుకి ఆమె జవాబు. నేను ఫ్లాపీ పట్టుకుని ఆబిడ్స్ పోస్టాఫీసు ముందు రోడ్డు దాటడానికి నిలబడ్డ సమయానికి అక్కడ సమస్య తీరి, మనిషి పని చేసుకుంటూ ఉండేవాడు. సాయంత్రం నాలుగింటికి నేను గంభీరంగా పంపిన జవాబుని చూసి "సార్, అక్క పొద్దున్నే చెప్పింది, అయిపోయింది" అని రాసేవాళ్లు. ఎంత మర్యాదగా రాసినా సరే, ఆ ముక్క చదివితే ఒళ్లు మండేది.

అక్క! వారం తిరక్కుండానే ఆమె అందరికీ అక్క అయిపోయింది. నాకు నాలుగేళ్లు పట్టింది సార్ కావడానికి. ఆమె రాతలో నిబంధన అనేది లేదు. వరంగల్ అతని పాపకి జ్వరం తగ్గిందా అని అడుగుతుంది, అక్కడే మార్జిన్ల సంగతి చెబుతుంది, చివర "దిగులు పడకు తమ్ముడూ" అంటుంది. అనవసరపు మాటలు తగ్గించమని నేను హెచ్చరిక పంపాను. గ్రూపులో అందరి ముందూ తప్పయిందని ఎంత చక్కగా రాసిందంటే, అందరికీ ఆమె మీద ఇంకాస్త ప్రేమ పుట్టింది, నేను కసాయిదాన్నయ్యాను. కసాయివాణ్ణి. వాళ్ల లెక్కలో నేను మగవాణ్ణి కదా.

దాచడానికేముంది, కుళ్లుకున్నాను. పొద్దున లేచి పాలు కాస్తూ కుళ్లుకున్నాను. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు తిరగేస్తూ కుళ్లుకున్నాను. ఆమె జవాబులు తప్పయితే ఎంత హాయిగా ఉండేదో! తప్పు వెతుకుదామని దుకాణంలో ఒక్కొక్కటీ చేసి చూశాను. ప్రతిదీ పనిచేసింది. రెండు మూడు చోట్ల నేను ఏళ్ల తరబడి తప్పుగా చేస్తున్న పని కూడా దిద్దుకోవాల్సి వచ్చింది. అది ఇంకా ఘోరం.

నాటి మూట కట్టడానికి కూర్చుంటే అందులో సగం ఆమె జవాబులే. పన్నెండు జవాబుల్లో ఏడింటి కింద ఆమె పేరు. నా చేత్తో నేనే ఆమె మెడలో దండ వేస్తున్నట్టుండేది. ఒకరోజు కొత్త నిబంధన పెట్టాను. మూటలో స్థలం ఆదా చేయడం కోసం ఇకమీదట జవాబు ఇచ్చినవారి పేరు వేయబడదు. "వేయబడదు" అని కావాలనే అలా రాశాను, ఏదో ఆఫీసు నిర్ణయంలా కనపడాలని. ఎవరూ కిమ్మనలేదు. ఆమె మాత్రం "మంచి ఆలోచన సార్, విషయం ముఖ్యం గాని పేరెందుకు" అని రాసింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

డిసెంబరు మొదట్లో ఇంకో నిబంధన పెట్టాను. ఉత్తరాల రద్దీ పెరిగినందువల్ల, రోజుకి ఐదు కంటే ఎక్కువ రాసేవారి ఉత్తరాలు గ్రూపు నడిపే మోడరేటర్, అంటే నేను, చూశాకే గ్రూపులోకి వెళ్తాయి. చదివినవాళ్లకి న్యాయంగానే తోస్తుంది. కానీ మొత్తం గ్రూపులో రోజుకి ఐదు కంటే ఎక్కువ రాసే మనిషి ఒక్కతే ఒక్కతి.

ఇక ఆమె ఉత్తరాలు నేరుగా వెళ్లడం మానేసి నా దగ్గర పెండింగులో పడటం మొదలైంది. పొద్దున చూసి, సాయంత్రం నా జవాబు వెళ్లాక ఆమెది వదిలేదాన్ని. మామూలువి వదిలేదాన్ని. బాగున్నవి ఆపేదాన్ని. మరీ బాగున్నవి రెండోసారి చదువుకుని మరీ ఆపేదాన్ని. చెరిపేయలేదు, అంత పని చేయలేదని నాకు నేను చెప్పుకున్నాను. చెరపాల్సిన పని కూడా లేదు. పెండింగులో పడ్డ ఉత్తరం పద్నాలుగు రోజుల్లో వదలకపోతే దానంతటదే మాయమైపోతుంది. నా చేతికి మట్టి అంటదు.

ఇంటర్నెట్ సెంటర్ ఆయనకి నా వెనక నిలబడి తెర చూసే అలవాటుంది. ఒకరోజు పెండింగు పక్కనున్న అంకె మీద వేలు పెట్టాడు.

"ఏంది మేడమ్, గీ తొమ్మిది నిన్న గూడ గిట్లనే ఉండె?"

"చూడాలి. తీరిక లేదు."

"తీరిక లేదంటరు, తెరిచి సదువుతనే ఉంటరు," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె నాకొక్కదానికే ఒక ఉత్తరం రాసింది. "సార్, నా ఉత్తరాలు కొన్ని కనిపిస్తలేవు. మా నెట్ మంచిగ లేదో ఏమో. మిమ్మల్ని ఇబ్బంది పెడితే మన్నించండి." నేను ఒక్క లైను జవాబిచ్చాను. రద్దీ ఎక్కువగా ఉంది, వరసలో వెళ్తాయి.

అప్పటికి డిసెంబరు సగమైంది. ఉస్మాన్‌గంజ్‌లో చిన్న ప్రెస్సున్న పెద్దాయన ఒకరు మా గ్రూపులో ఉండేవారు. అరవై దాటిన మనిషి, మొత్తం పెద్ద అక్షరాల్లోనే టైపు చేస్తారు, ఎన్నిసార్లు చెప్పినా మారరు. అక్కడి హోల్‌సేల్ కొట్లవాళ్లు తమ పేరు వేయించుకుని ఖాతాదారులకి పంచే పన్నెండు నెలల గోడ క్యాలెండర్లు ఆయనకి ఏడాది మొత్తం మీద పెద్ద పని. పాత ఫైలుని కొత్త వెర్షన్‌లో తెరిస్తే లైన్లు కిందికి జారుతున్నాయని, మర్నాడే అచ్చు మొదలుపెట్టాలని, దయచేసి చెప్పమని రాశారు.

నేను చూసేసరికి ఆమె జవాబు పెండింగులో కూర్చుని ఉంది. ఆయన అడిగిన అరగంటకే రాసింది. తెరని నమ్మొద్దంది. తెర మీద సరిపోయినట్టే ఉంటుంది గాని, అచ్చులో పేజీ అడుగు లైను పడిపోతుందంది. ముందు పేజీ పెద్దది చేసి జారిన లైన్లన్నీ చూసుకుని, లైన్ల మధ్య ఎడం పాత అంకెకి తెచ్చి, అప్పుడు పేజీని పాత సైజుకి తేవాలి. ఆఖరి లైను కింద సన్నగా ఒక గీత గీసి ఒక్క కాగితం తీయాలి. గీత కనబడితే లైను పడ్డట్టే, తర్వాత గీత చెరిపేయాలి. కీర్తనల పుస్తకంలో ఒకసారి ప్రతి పేజీకీ చివరి చరణం పోతే తనకి తానుగా కనిపెట్టుకున్న ఉపాయం అట. నాకు తెలిసి ఆ గీత సంగతి ఇంకెవరికీ తెలీదు.

చదవగానే అది సరైన జవాబని అర్థమైంది. ఆ క్షణమే వదిలిపెట్టి ఉండాల్సింది. వదల్లేదు. దుకాణానికి వెళ్లి నేనే ఒక తేలిక దారి కనిపెట్టాను. నా పాత ఫైలొకటి తెరిచి, పేజీ మొత్తానికి అక్షరం అర పాయింటు తగ్గించాను. తెర మీద అన్ని లైన్లూ చక్కగా వచ్చి కూర్చున్నాయి. ఆమె చెప్పిన సుదీర్ఘ రామాయణం కంటే నాది రెండు ముక్కల్లో ఉంది, చూశావా, అని నాకు నేనే భుజం తట్టుకున్నాను. అచ్చు తీసి చూడలేదు. సాయంత్రం నా జవాబు గ్రూపులోకి వెళ్లింది. ఆయన పెద్ద అక్షరాల్లో రాశారు, సార్ దేవుడని.

నాలుగు రోజుల తర్వాత అవే పెద్ద అక్షరాల్లో ఇంకో ఉత్తరం. ఆరు నెలల కాగితాలు అచ్చయిపోయాయి. ఏ నెలకీ అడుగు లైను లేదు. పండగలు, సెలవులు ఉండే లైను అది. కొట్లవాళ్లు సెలవులు లేని క్యాలెండర్ మాకొద్దంటున్నారు. సార్ చెప్పినట్టే చేశాను, ఎక్కడో నా పొరపాటే అయి ఉంటుంది, ఎవరైనా చెప్పండి.

ఫ్లాపీ కూడా తీసుకోకుండా లేచి బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఉస్మాన్‌గంజ్ దగ్గర దిగి, ఎండుమిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ, బస్తాల బండ్లని తప్పించుకుంటూ ఆ ప్రెస్సు పట్టుకున్నాను. ఏం చెప్పాలో అనుకోలేదు. చేసిన తప్పు దిద్దుదామని వెళ్లానో, నా తప్పు ఎంతదో చూసుకుందామని వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను.

లోపల పెద్దాయన కాగితాల దొంతరల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఒక సన్నటి మనిషి, తెల్లటి కాటన్ చీర కొంగు నడుముకి దోపుకుని, జనవరి కాగితాలు అంచులు కలిపి సర్దుతోంది. తలెత్తి నవ్వింది.

"మీరు గూడ గ్రూపుల చదివే వచ్చిన్రా మేడమ్?"

ఆమే. సికింద్రాబాద్ నుంచి సెలవు పెట్టి బస్సులో వచ్చింది. ఆమె రూపం గురించి నేను చాలా ఊహించుకున్నాను, ఏదో ఒక వంక దొరక్కపోదని. దొరకలేదు. నాకు నాంపల్లిలో డీటీపీ ఉందని మాత్రం చెప్పాను.

"గ్రూపుల మీరెప్పుడు రాయరేంది?"

"చదువుతాను, అంతే."

పెద్దాయన నాకు స్టూలు ఇచ్చి తాను నిలబడ్డారు. "ఏం జెప్పాలె బిడ్డా. తేదీలు జూసిన, వారాలు జూసిన. అడుగుకు ఏమున్నదో నేను జూడలే. జనవరి ఒకటి దాటినంక క్యాలెండర్ ఎవ్వడు దీస్కుంటడు? ముప్పై ఏండ్లసంది ఇస్తున్న. గీ యేడు ఇయ్యకుంటే గాళ్లు మళ్ల నా దగ్గర్కి రారు. గాళ్లు రాకుంటె మిషన్ అమ్ముకోవాలె."

"సార్ చెప్పింది తప్పు కదా," అన్నాను.

"సార్‌దేం తప్పు లేదు. గంత పెద్ద మనిషి. నేనే ఏదో ఎక్కువ తక్కువ జేసిన. రేపు గ్రూపుల రాస్త, తప్పు నాదే అని."

ఆమె కాగితాలు సర్దడం ఆపలేదు. "సార్‌కు దినాం ఎన్ని ఉత్తరాలో పాపం. నాయి గూడ పదకొండు గాడ్నే ఆగినయ్. ఆయన మాత్రం ఏం జేస్తడు? నేను జర ఎక్కువనే రాస్త. గీ తాత అడిగిన నాడే జవాబు రాసిన, అది ఆగకుంటే గిట్ల కాకపోవు. ఏం జేస్తం."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే బతికిపోయేదాన్ని. లేదు.

ఉపాయం కూడా ఆమెదే. కాగితాలు పారేయక్కర్లేదు. అడుగున ఖాళీ ఉండనే ఉంది, ఆ ఒక్క లైను మాత్రం కంపోజ్ చేసి, అచ్చయిన కాగితాలని మళ్లీ మిషన్‌లోకి ఎక్కిస్తే సరి. తక్కిన ఆరు నెలలూ ఫైలు సరిచేసి అచ్చు వేయొచ్చు. పెద్దాయనా ఆమే మిషన్ దగ్గర నిలబడ్డారు. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కనీసం ఈ పని అయినా ఆమె కంటే బాగా చేయాలన్న పంతం అప్పుడు కూడా ఉంది నాలో, చూడండి ఎంత సిగ్గులేనిదాన్నో.

జూలై తెరిచి పేజీ పెద్దది చేశాను. జారిన లైన్లు చూసుకుని, ఎడం పాత అంకెకి తెచ్చాను. పేజీని పాత సైజుకి తెచ్చాను. ఆఖరి లైను కింద సన్నటి గీత గీశాను. ఒక కాగితం తీశాను. గీత పడింది, దాని పైన సెలవుల లైను పడింది. నిజంగా పడింది! ఆగస్టు తెరిచాను. ఎప్పుడొచ్చిందో ఆమె నా వెనక నిలబడి ఉంది. తెర మీది గీత వైపు చూస్తోంది.

"గీత మంచిగ పెట్టిన్రు మేడమ్," అంది.

అంతే అంది. మళ్లీ మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె మెచ్చుకున్నందుకు నేను పొంగిపోయానని చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, పొంగిపోయాను.

ఆ రోజూ మర్నాడూ పగలంతా పనిచేశాం. జనవరి కాగితాల్లో కొన్నింటికి అడుగు లైను కాస్త వంకరగా పడింది. కొట్లవాళ్లు చూసి, సరేలెమ్మన్నారు. పెద్దాయన మా ఇద్దరికీ చాయ్ తెప్పించి, తనకి ఇద్దరు బిడ్డలు దేవుడిచ్చినట్టు వచ్చారని అన్నారు. ఆమె నవ్వింది. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి రోజు పదింటికి ఆబిడ్స్ వెళ్లాను. పెద్దాయన తప్పంతా తనదేనని పెద్ద అక్షరాల్లో అప్పటికే రాసేశారు. పెండింగులో పదకొండు అలాగే ఉన్నాయి. అన్నిటికంటే పాతదానికి ఆ రోజుతో పద్నాలుగు రోజులు నిండుతాయి. ఏమీ చేయకుండా ఇంటికి వెళ్లిపోతే రేపటికి పది, ఎల్లుండికి తొమ్మిది. సంక్రాంతి నాటికి పెండింగు ఖాళీ. ఎవరికీ తెలీదు. వదిలితే మాత్రం ప్రతి ఉత్తరం నెత్తి మీదా అది రాసిన రోజూ గంటా ఉంటాయి. క్యాలెండర్ జవాబు కూడా, ఆయన అడిగిన అరగంటకే రాసినదిగా, నా జవాబు కంటే ముందు తేదీతో వెళ్లి అందరి పెట్టెల్లో పడుతుంది. కళ్లున్నవాడెవడికైనా అర్థమైపోతుంది.

చాలాసేపు కూర్చున్నాను. ఇంటర్నెట్ సెంటర్ ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఇయ్యాలన్నా తీరిక దొరికిందా మేడమ్?"

దొరికిందని చెప్పి, పదకొండూ ఒక్కసారే వదిలాను.

కాసేపటికి గ్రూపంతా గోల. అక్క ఉత్తరాలు ఒక్కసారే ఇన్ని వచ్చాయేమిటని సంబరపడ్డవాళ్లు సంబరపడ్డారు. నా నిబంధన మర్చిపోయి థాంక్యూలు కురిపించారు. ఇద్దరు మాత్రం తేదీలు చూశారు. "సార్, ఇవన్నీ పాత తేదీలతో వస్తున్నాయి, సర్వర్ పాడైందా?" అని ఒకరు, "క్యాలెండర్ జవాబు ముందే ఉందే, ఎందుకు ఆగింది సార్?" అని ఇంకొకరు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. మామూలుగా అయితే ఏ ప్రశ్నకైనా ఈపాటికి ఆమె జవాబు వచ్చేసేది. రాలేదు.

నా సొంత పెట్టెలో ఒక ఉత్తరం పడింది. గ్రూపుకి పెట్టకుండా నాకొక్కదానికే రాసింది.

"అక్కా, వందనాలు. పదకొండు అందినయి. గీత సంగతి నేను ఆ ఒక్క ఉత్తరంలనే రాసిన, ఇంకెక్కడ చెప్పలేదు. అది చదివింది మీరొక్కరే. మొన్న ప్రెస్సులనే అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. తేదీల గురించి అడిగిన ఇద్దరికీ నేను జవాబు ఇయ్యలేదు. అది మీరే ఇయ్యాలె."

ఆ ఉత్తరంలో మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఎనిమిది నెలలు ఆ పిలుపు కోసం ఆమె మీద కుళ్లుకుని చచ్చాను. చివరికి నన్ను అలా పిలిచిన మొదటి మనిషి ఆమే అయింది. గ్రూపులో అందరి ముందూ నన్ను కడిగేసి ఉంటే బాగుండేదని, కోపం తెచ్చుకోవడానికి నాకో వంక దొరికేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఎనిమిది నెలల్లో ఆమె నాకోసం వదిలిపెట్టిన ప్రశ్న అదొక్కటే. సర్వర్ పాడవలేదని, ఆపింది నేనేనని, ఎందుకు ఆపానో కూడా నాలుగు లైన్లలో రాశాను. కింద దుకాణం పేరు చెరిపేసి నా పేరు పెట్టి, గ్రూపుకి పంపించాను.